వడి ప్రమాణాలు

వడి అనగా ఒక వస్తువు ప్రమాణ కాలంలో ప్రయాణించే దూరం. దూరాన్ని కాలంతో భాగిస్తే వడి వస్తుంది. దూరానికీ కాలానికీ వేరువేరు ప్రమాణాలు ఉన్నందువల్ల వడికి కూడా అనేక ప్రమాణాలు ఏర్పడినాయి. గంటకు కిలోమీటర్లు, సెకనుకు మీటర్లు, గంటకు మైళ్ళు, నాట్లు, మాక్ సంఖ్య వీటిలో ముఖ్యమైనవి. ఒకే వడిని ఒక ప్రమాణంలో నుండి మరొక ప్రమాణంలోనికి మార్చడం చిన్న తరగతుల గణితమే. అయినా తుఫాను హెచ్చరికను అర్థం చేసుకోవడానికి, వాహనాన్ని సురక్షితంగా నడపడానికి, గాలికి తట్టుకునే ఇల్లు కట్టడానికి ఈ లెక్క తప్పకుండా తెలిసి ఉండాలి.

## వడి, వేగం

వ్యవహారంలో వడి, వేగం అనే రెండు మాటలనూ ఒకే అర్థంలో వాడతారు. భౌతిక శాస్త్రంలో మాత్రం వీటికి తేడా ఉంది. వడికి పరిమాణం మాత్రమే ఉంటుంది, దిశ ఉండదు. కనుక అది అదిశ రాశి. వేగానికి పరిమాణంతో పాటు దిశ కూడా ఉంటుంది. కనుక అది సదిశ రాశి. "బస్సు గంటకు 60 కిలోమీటర్లు పోతున్నది" అంటే వడి చెప్పినట్లు. "బస్సు తూర్పు దిశగా గంటకు 60 కిలోమీటర్లు పోతున్నది" అంటే వేగం చెప్పినట్లు. రెండింటికీ ప్రమాణాలు ఒకటే. అందుచేత ఈ వ్యాసంలో వడిని గురించి చెప్పిన మార్పిడి సూత్రాలన్నీ వేగానికి కూడా వర్తిస్తాయి. "గాలి వేగం", "కాంతి వేగం" వంటి స్థిరపడిన మాటలను ఇక్కడ యథాతథంగా వాడడం జరిగింది.

తెలుగులో మాట్లాడేటప్పుడు "ఎనభై కిలోమీటర్ల వేగంతో" అనడం పరిపాటి. ఇందులో "గంటకు" అనే మాట లోపించింది. వినేవారు దానిని తమంతట తామే చేర్చుకుంటారు కనుక రోడ్డు మీద ఇబ్బంది లేదు. కాని విజ్ఞాన శాస్త్రంలో కాల ప్రమాణాన్ని చెప్పకపోతే ఆ సంఖ్యకు అర్థం లేదు. 11.2 కిలోమీటర్ల వేగం అన్నప్పుడు అది గంటకైతే తీరికగా తొక్కే సైకిలు వడి. సెకనుకైతే భూమ్యాకర్షణను దాటిపోవడానికి కావలసిన పలాయన వేగం.

## పూర్వపు కొలతలు

మెట్రిక్ పద్ధతి రాకముందు తెలుగునాట దూరాన్ని క్రోసులు, ఆమడలలోను, కాలాన్ని గడియలు, ఝాములలోను లెక్కించేవారు. ఒక క్రోసు సుమారు రెండు మైళ్ళనీ, నాలుగు క్రోసులు ఒక ఆమడ అనీ వాడుక. ఈ కొలతలు ప్రాంతాన్ని బట్టి మారుతూ ఉండేవి. కాలం విషయంలో అంత తేడా లేదు. రోజుకు 60 గడియలు, 8 ఝాములు. అనగా ఒక గడియ 24 నిమిషాలు, ఒక ఝాము 3 గంటలు.

ఒక బాటసారి ఝాముకు ఒక ఆమడ నడిచాడనుకుందాం. ఆమడ అంటే సుమారు 8 మైళ్ళు, అనగా దాదాపు 12.9 కిలోమీటర్లు. దానిని 3తో భాగిస్తే గంటకు దాదాపు 4.3 కిలోమీటర్లు వస్తుంది. ఇది ఆరోగ్యవంతుడైన మనిషి సాధారణ నడక వడి. అదే మనిషి గడియకు ఒక క్రోసు పోవాలంటే గంటకు సుమారు 8 కిలోమీటర్లు పోవాలి. అది నడక కాదు, పరుగు. కొలతలు పాతవైనా, కొత్తవైనా మార్పిడి పద్ధతి ఒకటేనని దీనివల్ల తెలుస్తుంది.

బ్రిటిషువారి పాలనలో మైళ్ళు, గజాలు, అడుగులు వాడుకలోకి వచ్చాయి. స్వతంత్ర భారతదేశంలో 1956లో చేసిన తూనికలు, కొలతల చట్టంతో మెట్రిక్ పద్ధతి దశలవారీగా అమలులోకి వచ్చింది. రోడ్డు ప్రక్క కిలోమీటరు రాళ్ళు పాతినా, వాటిని జనం ఇప్పటికీ మైలురాళ్ళనే పిలుస్తారు.

## ముఖ్యమైన ప్రమాణాలు

### సెకనుకు మీటర్లు

అంతర్జాతీయ ప్రమాణ వ్యవస్థలో వడికి ప్రమాణం సెకనుకు ఒక మీటరు. దీనిని మీ./సె. అని వ్రాస్తారు. భౌతిక శాస్త్ర సూత్రాలన్నింటిలో వడిని ఈ ప్రమాణంలోనే ప్రతిక్షేపించాలి. గతిజశక్తి లెక్కలో గంటకు కిలోమీటర్లను అలాగే వేసి, జవాబు జౌళ్ళలో వచ్చిందని వ్రాయడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు.

1983 నుండి మీటరు నిర్వచనమే కాంతి వేగంపై ఆధారపడి ఉంది. శూన్యంలో కాంతి సెకనుకు సరిగ్గా 29,97,92,458 మీటర్లు ప్రయాణిస్తుంది. ఈ సంఖ్య ఇప్పుడు కొలిచి తెలుసుకునేది కాదు, నిర్వచనంగా స్థిరపరచినది. అందుచేత పొడవుకు ఆధారం ఒక వేగం అయింది.

### గంటకు కిలోమీటర్లు

రోడ్డు వాహనాలకు, రైళ్ళకు, వాతావరణ వార్తలకు మన దేశంలో వాడే ప్రమాణం ఇదే. దీనిని కి.మీ./గం. అని వ్రాస్తారు.

### గంటకు మైళ్ళు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోను, బ్రిటన్‌లోను రోడ్లపై ఈ ప్రమాణమే వాడుకలో ఉంది. 1 మైలు = 1.609344 కిలోమీటర్లు. అమెరికాలో 65 అని వ్రాసిన హద్దు గంటకు దాదాపు 105 కిలోమీటర్లకు సమానం. కెనడా 1977లో తన రోడ్డు గుర్తులను కిలోమీటర్లలోకి మార్చింది. కనుక అమెరికా నుండి కారులో సరిహద్దు దాటి కెనడాలోకి పోయేవారికి 100 అనే గుర్తు కనిపిస్తే అది మైళ్ళు కాదు. దానిని మైళ్ళుగా భావించి నడిపితే అసలు వడి గంటకు 161 కిలోమీటర్లు అవుతుంది. చదువులకు, ఉద్యోగాలకు అక్కడకు వెళ్ళే తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయమిది.

### నాట్

ఓడలకు, విమానాలకు, సముద్రం మీది గాలులకు వాడే ప్రమాణం నాట్. గంటకు ఒక నాటికల్ మైలు వడిని ఒక నాట్ అంటారు. 1929లో మొనాకోలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో ఒక నాటికల్ మైలు సరిగ్గా 1852 మీటర్లని నిర్ణయించారు. కనుక 1 నాట్ = 1.852 కి.మీ./గం.

నాట్ అంటే ముడి. (వరి నాట్లతో దీనికి సంబంధం లేదు.) పూర్వం నావికులు ఓడ వెనుకనుండి ఒక చెక్కముక్కను తాడుకు కట్టి నీటిలోకి వదిలేవారు. చెక్క నీటిలో దాదాపు నిలిచి ఉంటే, ముందుకు పోయే ఓడ మీదనుండి తాడు జారుతూ ఉండేది. ఆ తాడుకు 47 అడుగుల 3 అంగుళాలకు ఒకటి చొప్పున ముడులు వేసేవారు. 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు చేతిలోనుండి ఎన్ని ముడులు జారితే ఓడ వడి అన్ని నాట్లు. ఈ రెండు సంఖ్యలు ఎందుకు కుదిరాయో లెక్కవేసి చూడవచ్చు. నాటికల్ మైలు దాదాపు 6076 అడుగులు. దానిని 3600తో భాగించి 28తో గుణిస్తే 47.26 అడుగులు వస్తుంది. అనగా సుమారు 47 అడుగుల 3 అంగుళాలే.

నాటికల్ మైలుకు మరో సౌకర్యం ఉంది. అది భూమిపై అక్షాంశంలో ఒక నిమిషానికి, అనగా డిగ్రీలో అరవయ్యో వంతుకు, దాదాపు సమానం. 10 నాట్లతో నేరుగా ఉత్తరానికి పోయే ఓడ ఆరు గంటలలో 60 నాటికల్ మైళ్ళు, అనగా ఒక డిగ్రీ అక్షాంశం దాటుతుంది. పటం మీద స్కేలు లేకుండానే దూరం తెలిసిపోతుంది. మెట్రిక్ పద్ధతి వచ్చిన తరువాత కూడా నావికులు నాట్‌ను వదలకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

నాట్ అన్న మాటలోనే "గంటకు" అన్న అర్థం ఇమిడి ఉంది. కనుక "గంటకు 20 నాట్లు" అనడం సరికాదు. "20 నాట్లు" అంటే చాలు.

### మాక్ సంఖ్య

ఒక వస్తువు వడికీ, ఆ వస్తువున్నచోట ధ్వని వేగానికీ గల నిష్పత్తిని మాక్ సంఖ్య అంటారు. ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ మాక్ (1838–1916) పేరు మీదుగా దీనికి ఈ పేరు వచ్చింది. ఇది నిష్పత్తి కనుక దీనికి ప్రమాణం లేదు. గాలిలో ధ్వని వేగం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద అది సుమారు 343 మీ./సె., అనగా 1235 కి.మీ./గం. దాదాపు 11 కిలోమీటర్ల ఎత్తులో గాలి చాలా చల్లగా, ప్రామాణిక లెక్క ప్రకారం సున్నాకు దిగువ 56.5 డిగ్రీలుగా ఉంటుంది. అక్కడ ధ్వని వేగం సుమారు 295 మీ./సె., అనగా 1062 కి.మీ./గం. మాత్రమే. అందుచేత ఎత్తు లేదా ఉష్ణోగ్రత తెలియకుండా మాక్ సంఖ్యను కిలోమీటర్లలోకి మార్చడం సాధ్యం కాదు. 1947 అక్టోబరు 14న చక్ యేగర్ తొలిసారిగా సమతల ప్రయాణంలో ధ్వని వేగాన్ని దాటినప్పుడు అతని విమానం వడి మాక్ 1.06. అది గంటకు సుమారు 1127 కిలోమీటర్లు. నేల మీది ధ్వని వేగంతో పోలిస్తే ఇది తక్కువే. కాని ఆ ఎత్తులోని ధ్వని వేగం కంటే ఎక్కువ.

### కాంతి సంవత్సరం వడికి ప్రమాణం కాదు

పేరులో సంవత్సరం ఉన్నా కాంతి సంవత్సరం దూరానికి ప్రమాణం. కాంతి ఒక సంవత్సర కాలంలో ప్రయాణించే దూరం అది. సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు.

## మార్పిడి పద్ధతి

సూత్రాలను కంఠస్థం చేయడం కంటే పద్ధతిని తెలుసుకోవడం మేలు. వడిలో రెండు ప్రమాణాలు ఉన్నాయి: పైన దూరం, క్రింద కాలం. వాటిని విడివిడిగా మార్చాలి.

గంటకు 72 కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చడం చూద్దాం.

1. 72 కిలోమీటర్లు = 72 × 1000 = 72,000 మీటర్లు.
2. 1 గంట = 60 × 60 = 3600 సెకన్లు.
3. 72,000 ÷ 3600 = 20.

కనుక 72 కి.మీ./గం. = 20 మీ./సె.

ఇందులో 1000ను 3600తో భాగించిన భిన్నాన్ని సూక్ష్మీకరిస్తే 5/18 వస్తుంది. కి.మీ./గం. నుండి మీ./సె.కు మార్చాలంటే 5/18తో గుణించాలి. తిరిగి మార్చాలంటే 18/5తో, అనగా 3.6తో గుణించాలి.

ఈ రెండు భిన్నాలలో దేనితో గుణించాలో పరీక్ష హాలులో చాలామంది తికమకపడతారు. దానికొక తేలిక ఉపాయం ఉంది. గంట పెద్దది, సెకను చిన్నది. గంటలో పోయేది ఎన్నో కిలోమీటర్లు, సెకనులో పోయేది కొద్ది మీటర్లే. ఏ వడికైనా మీ./సె. సంఖ్య కి.మీ./గం. సంఖ్య కంటే చిన్నదిగానే ఉండాలి. అలా రాకపోతే భిన్నం తలక్రిందులైందని అర్థం.

### మార్పిడి పట్టిక

| ప్రమాణం | మీ./సె. | కి.మీ./గం. | మైళ్ళు/గం. | నాట్లు |
|---|---|---|---|---|
| 1 మీ./సె. | 1 | 3.6 | 2.237 | 1.944 |
| 1 కి.మీ./గం. | 0.2778 | 1 | 0.6214 | 0.5400 |
| 1 మైలు/గం. | 0.44704 | 1.609 | 1 | 0.8690 |
| 1 నాట్ | 0.5144 | 1.852 | 1.151 | 1 |
| 1 అడుగు/సె. | 0.3048 | 1.097 | 0.6818 | 0.5925 |

### నోటి లెక్కలు

* మీ./సె. నుండి కి.మీ./గం.: నాలుగుతో గుణించి, వచ్చినదానిలో పదో వంతు తీసివేయాలి. 50 × 4 = 200. అందులో 20 తీసివేస్తే 180. ఇది ఖచ్చితమైన జవాబు.
* కి.మీ./గం. నుండి మీ./సె.: నాలుగుతో భాగించి, వచ్చినదానిలో తొమ్మిదో వంతు కలపాలి. 72 ÷ 4 = 18. దానికి 2 కలిపితే 20. ఇది కూడా ఖచ్చితమైనదే.
* మైళ్ళ నుండి కిలోమీటర్లు: ఐదు మైళ్ళు దాదాపు ఎనిమిది కిలోమీటర్లు. కనుక 8/5తో గుణిస్తే సరిపోతుంది. 5, 8, 13, 21, 34, 55, 89 అనే ఫిబొనాచీ శ్రేణిలో ఒక సంఖ్యను మైళ్ళుగా తీసుకుంటే తరువాతి సంఖ్య సుమారుగా కిలోమీటర్లను ఇస్తుంది. 55 మైళ్ళు సుమారు 89 కిలోమీటర్లు.
* నాట్ల నుండి కి.మీ./గం.: రెట్టింపు చేసి పదో వంతు తీసివేస్తే సుమారుగా వస్తుంది. 50 నాట్లకు ఇలా 90 వస్తుంది, అసలు విలువ 92.6. ఈ పద్ధతిలో జవాబు కొంచెం తక్కువగా వస్తుంది కనుక తుఫాను గాలుల విషయంలో దీనిపై ఆధారపడకూడదు. 1.852తోనే గుణించాలి.

### సవరింపు

మార్చగా వచ్చిన దశాంశ స్థానాలన్నింటినీ వ్రాయనవసరం లేదు. "గంటకు సుమారు 60 మైళ్ళు" అన్నదానిని 96.56064 కిలోమీటర్లని వ్రాస్తే, అసలు కొలతలో లేని ఖచ్చితత్వాన్ని అంటగట్టినట్లవుతుంది. "సుమారు 97" అంటే సరిపోతుంది. అనేక అంచెలున్న లెక్కలో మాత్రం మధ్యలో సవరించకుండా చివర ఒక్కసారే సవరించాలి.

## సగటు వడి

మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగిస్తే సగటు వడి వస్తుంది. వడుల సగటు సగటు వడి కాదు. ఒకరు పొరుగూరికి గంటకు 40 కిలోమీటర్ల వడితో వెళ్ళి, గంటకు 60 కిలోమీటర్ల వడితో తిరిగి వచ్చారనుకుందాం. సగటు వడి 50 అని తోస్తుంది. ఊరు 120 కిలోమీటర్ల దూరమైతే పోవడానికి 3 గంటలు, రావడానికి 2 గంటలు పట్టింది. 240 కిలోమీటర్లకు 5 గంటలు. కనుక సగటు వడి 48 మాత్రమే. నెమ్మదిగా పోయినప్పుడు ఎక్కువసేపు ప్రయాణించాము కనుక ఆ వడికి ప్రాధాన్యం ఎక్కువ.

2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లను 9.58 సెకన్లలో పరుగెత్తాడు. సగటు వడి 10.44 మీ./సె., అనగా 37.6 కి.మీ./గం. కాని కదలకుండా నిలుచున్న స్థితి నుండి మొదలుపెట్టాడు కనుక, పరుగు మధ్యలో అతని వడి గంటకు 44 కిలోమీటర్లు దాటింది. అదేవిధంగా 2023 జనవరి 15న సికింద్రాబాదు, విశాఖపట్నం మధ్య ప్రారంభమైన వందే భారత్ రైలును సుమారు 700 కిలోమీటర్లను ఎనిమిదిన్నర గంటలలో చేరేలా ప్రవేశపెట్టారు. సగటు వడి గంటకు 82 కిలోమీటర్లు. దారిలో స్టేషన్లలో ఆగాలి, మలుపుల వద్ద వడి తగ్గించాలి. కనుక రైలు పోగలిగిన గరిష్ఠ వడిని చూసి ప్రయాణకాలం లెక్కకట్టకూడదు.

## నిత్యజీవితంలో ఉపయోగాలు

### రోడ్డు భద్రత

స్పీడోమీటరు గంటకు కిలోమీటర్లను చూపుతుంది. ప్రమాదం మాత్రం సెకన్లలో, మీటర్లలో జరుగుతుంది. అడ్డం వచ్చినదానిని చూసి బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను పట్టిందనుకుందాం. ఆ సెకనులో వాహనం అదే వడితో ముందుకు పోతుంది. బ్రేకు పడిన తరువాత వడి సెకనుకు 5 మీ./సె. చొప్పున తగ్గుతుందనుకుంటే, ఆగడానికి పట్టే దూరం క్రింది విధంగా ఉంటుంది.

| వడి, కి.మీ./గం. | వడి, మీ./సె. | బ్రేకు వేసేలోపు (మీ.) | బ్రేకు వేసిన తరువాత (మీ.) | మొత్తం (మీ.) |
|---|---|---|---|---|
| 36 | 10 | 10 | 10 | 20 |
| 54 | 15 | 15 | 22.5 | 37.5 |
| 72 | 20 | 20 | 40 | 60 |
| 90 | 25 | 25 | 62.5 | 87.5 |

వడి 36 నుండి 72కు రెట్టింపైనప్పుడు ఆగే దూరం 20 మీటర్ల నుండి 60 మీటర్లకు, అనగా మూడు రెట్లు పెరిగింది. బ్రేకు వేసిన తరువాత పోయే దూరం వడి వర్గానికి అనులోమానుపాతంలో ఉండడమే దీనికి కారణం. పాఠశాల ముందు నలభై మీటర్ల దూరంలో ఒక పిల్లవాడు రోడ్డు మీదికి వస్తే, 54తో వచ్చే బండి అతనికి ముందే ఆగుతుంది. 72తో వచ్చే బండి ఆగదు. వాన పడిన రోడ్డు మీద, అరిగిన టైర్లతో ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి.

### తుఫాను హెచ్చరికలు

భారత వాతావరణ శాఖ బంగాళాఖాతం, అరేబియా సముద్రాలలో ఏర్పడే వాయుగుండాలను, తుఫానులను గాలి వేగాన్ని బట్టి ఈ విధంగా వర్గీకరిస్తుంది.

| స్థితి | నాట్లు | కి.మీ./గం. |
|---|---|---|
| వాయుగుండం | 17–27 | 31–49 |
| తీవ్ర వాయుగుండం | 28–33 | 50–61 |
| తుఫాను | 34–47 | 62–88 |
| తీవ్ర తుఫాను | 48–63 | 89–117 |
| అతి తీవ్ర తుఫాను | 64–89 | 118–166 |
| అత్యంత తీవ్ర తుఫాను | 90–119 | 167–221 |
| సూపర్ సైక్లోన్ | 120, ఆపైన | 222, ఆపైన |

62, 89, 118 వంటి సంఖ్యలు విచిత్రంగా తోస్తాయి. ఇవి నాట్ల నుండి మార్చి, సవరించగా వచ్చినవి. అందువల్లనే ఒకటి రెండు కిలోమీటర్ల తేడా కనిపిస్తుంది. ఇక 34, 48, 64 నాట్లు బ్రిటిషు నావికాధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ 1805లో రూపొందించిన గాలి మానంతో సరిపోతాయి. ఆ మానంలో 8, 10, 12 అంకెలు ఈ వేగాల వద్దనే మొదలవుతాయి.

తుఫాను వార్తలో రెండు వేగాలు ఉంటాయి. ఒకటి తుఫానులో సుడి తిరిగే గాలి వేగం. రెండవది తుఫాను మొత్తంగా కదిలే వేగం. గాలి గంటకు 120 కిలోమీటర్లతో వీస్తున్నా, తుఫాను గంటకు 15 కిలోమీటర్లతోనే కదలవచ్చు. ఎంత నష్టం జరుగుతుందో చెప్పడానికి మొదటిది, ఎంత సమయం ఉన్నదో చెప్పడానికి రెండవది ముఖ్యం.

తీరానికి 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న తుఫాను 10 నాట్ల వేగంతో తీరం వైపు కదులుతున్నదనుకుందాం. 10 నాట్లు అంటే 18.5 కి.మీ./గం. 300ను 18.5తో భాగిస్తే సుమారు 16 గంటలు. నాట్లను కిలోమీటర్లుగా పొరబడినవారు 30 గంటలు ఉన్నాయనుకుంటారు. దాదాపు 14 గంటల సమయం చేజారిపోతుంది. తీరానికి 100 కిలోమీటర్ల దూరంలో వేటలో ఉన్న పడవ 6 నాట్లతో, అనగా గంటకు 11 కిలోమీటర్లతో, ఒడ్డు చేరడానికి 9 గంటలు పడుతుంది. వార్త విన్న వెంటనే బయలుదేరితే ఒడ్డు చేరవచ్చు. ఇంకా సగం రోజు ఉందిలే అని వలలు వేస్తూ కూర్చుంటే తుఫాను ముందుగానే ఎదురవుతుంది. పైగా ఈదురుగాలులు తుఫాను కేంద్రానికి చాలా ముందుగానే తీరాన్ని తాకుతాయి. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాది మంది ప్రాణాలు కోల్పోయిన ఉప్పెన తరువాత తీరవాసులకు ఇటువంటి సమయపు విలువను వేరుగా చెప్పవలసిన పని లేదు.

వివిధ దేశాలు ఇచ్చే తుఫాను వేగాలను పోల్చేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. గాలి ఎప్పుడూ ఒకే తీరుగా వీయదు కనుక కొంత వ్యవధికి సగటు తీస్తారు. భారత వాతావరణ శాఖ 3 నిమిషాల సగటును, అమెరికా సంస్థలు 1 నిమిషం సగటును తీసుకుంటాయి. ఒకే తుఫానుకు 1 నిమిషం సగటు సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. కనుక ప్రమాణం మార్చినంత మాత్రాన రెండు సంఖ్యలు ఒకటి కావు.

### భవన నిర్మాణం

గాలి గోడపై కలిగించే పీడనం గాలి వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. భారత ప్రమాణ సంస్థ ప్రచురించిన 875వ ప్రమాణం, 3వ భాగం ప్రకారం, గాలి వేగాన్ని మీ./సె.లో తీసుకుని, దాని వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు న్యూటన్లలో పీడనం వస్తుంది. ఆ ప్రమాణంలో విశాఖపట్నానికి మూల గాలి వేగం 50, హైదరాబాదుకు 44. ఇవి మీ./సె.లో ఇచ్చినవి.

50 మీ./సె. అంటే 180 కి.మీ./గం. పీడనం 0.6 × 50 × 50 = 1500 న్యూటన్లు. అనగా ఒక చదరపు మీటరు తలుపు మీద దాదాపు 150 కిలోల బరువు మోపినంత ఒత్తిడి. 50ని పొరపాటున కి.మీ./గం.గా భావించి 13.9 మీ./సె.కు మార్చినవారికి 116 న్యూటన్లే వస్తుంది. అసలు విలువలో పదమూడో వంతు. వేగంలో తప్పు 3.6 రెట్లే అయినా, వర్గం చేయడం వల్ల పీడనంలో తప్పు 13 రెట్లయింది. అటువంటి లెక్కతో వేసిన రేకుల కప్పు మామూలు రోజులలో నిలబడుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుఫానులో వీచినట్టు గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి వీస్తే నిలబడదు.

### క్రీడలు

2003 ప్రపంచ కప్పులో షోయబ్ అక్తర్ గంటకు 161.3 కిలోమీటర్ల వడితో బంతి వేశాడు. ఇది 100.2 మైళ్ళు/గం. మీటర్లలోకి మారిస్తే 44.8 మీ./సె. రెండు వైపులా ఉన్న క్రీజు గీతల మధ్య దూరం 17.68 మీటర్లు. బంతి అదే వడితో వచ్చిందనుకుంటే 0.39 సెకన్లలో బ్యాటర్‌ను చేరుతుంది. గాలి నిరోధం, నేలను తాకడం వల్ల అసలు కాలం కొంచెం ఎక్కువ. 161 అనే సంఖ్య కంటే అర సెకను కూడా లేదనే సంగతి బ్యాటర్ కష్టాన్ని బాగా తెలియజేస్తుంది.

### అంతరిక్షం

అంతరిక్ష నౌకల వేగాలను సెకనుకు కిలోమీటర్లలో చెబుతారు. వీటిని 3600తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. శ్రీహరికోట నుండి ప్రయోగించిన చంద్రయాన్-3 ల్యాండరు 2023 ఆగస్టు 23న చంద్రునిపై దిగడం మొదలుపెట్టినప్పుడు దాని వేగం సెకనుకు సుమారు 1.68 కిలోమీటర్లు, అనగా గంటకు సుమారు 6050 కిలోమీటర్లు. నేలను తాకేసరికి అది సెకనుకు కొద్ది మీటర్లకు, అనగా మనిషి నడకకు, పరుగుకు మధ్య ఉండే వడికి తగ్గాలి.

## సాధించిన లెక్కలు

1. 150 మీటర్ల పొడవైన రైలు గంటకు 54 కిలోమీటర్ల వడితో పోతూ 300 మీటర్ల ప్లాట్‌ఫారాన్ని ఎంతసేపట్లో దాటుతుంది?

రైలు పూర్తిగా దాటాలంటే 150 + 300 = 450 మీటర్లు పోవాలి. 54 × 5/18 = 15 మీ./సె. 450 ÷ 15 = 30 సెకన్లు.

2. ఓడ వడి 15 నాట్లు. అది ఒక పగలూ ఒక రాత్రీ కలిపి ఎన్ని కిలోమీటర్లు పోతుంది?

15 × 1.852 = 27.78 కి.మీ./గం. 27.78 × 24 = 666.72. అనగా సుమారు 667 కిలోమీటర్లు.

3. మెరుపు కనిపించిన 6 సెకన్లకు ఉరుము వినిపించింది. పిడుగు ఎంత దూరంలో పడింది?

కాంతి వచ్చే కాలం లెక్కలోకి రానంత తక్కువ. 343 × 6 = 2058 మీటర్లు, అనగా సుమారు 2 కిలోమీటర్లు. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లను మూడుతో భాగిస్తే దూరం సుమారుగా కిలోమీటర్లలో వస్తుంది. అయితే 2 కిలోమీటర్లు సురక్షితమైన దూరం కాదు. ఉరుము వినిపించిందంటే పిడుగు పడే ప్రమాదం దగ్గరలోనే ఉన్నట్లు. చెట్టు క్రింద నిలబడకుండా, పొలంలో ఉన్నవారు వెంటనే పక్కా ఇంటిలోనికి చేరుకోవాలి.

## ఇవి కూడా చూడండి

* వేగం
* త్వరణం
* మెట్రిక్ పద్ధతి
* తుఫాను
* ధ్వని